హాలోవీన్ సాయంత్రం పసిపిల్లలతో బయటికి: భయపడాల్సింది చాక్లెట్లకి కాదు, రోడ్డుకి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఈ వేసవిలోనే న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చారు, ఇదే మొదటి హాలోవీన్, అంటే అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడిగే పండగ. పాపకి ఐదేళ్లు, వేరుశనగ పడదు. బాబుకి రెండున్నర. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు, మామగారు పిల్లల్ని మేమే తిప్పుకొస్తాం అంటున్నారు. ఇంతలో వాట్సాప్‌లో "చాక్లెట్లలో సూదులు, మత్తుమందు" అన్న మెసేజీలు వరసగా వస్తున్నాయి. అసలు పంపాలా వద్దా?

పంపండి. మనవైపు దసరాకి పిల్లలు ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు పెట్టించుకునేవాళ్లు కదా, ఇదీ అలాంటి సరదానే అని అత్తగారికి చెప్తే వెంటనే అర్థమవుతుంది. కాకపోతే మీ భయం చాక్లెట్ల మీద ఉంది, అది ఉండాల్సింది రోడ్డు మీద.

ముందు ఆ వాట్సాప్ మెసేజీల సంగతి తేల్చేద్దాం. డెలావేర్ యూనివర్సిటీలో సామాజికశాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేసిన జోయెల్ బెస్ట్, 1958 నుంచి పత్రికల్లో వచ్చిన ఇలాంటి వార్తలన్నీ పట్టుకుని దశాబ్దాల పాటు ఆరా తీశారు. ముక్కూమొహం తెలియని వాళ్లు హాలోవీన్ రోజు పంచిన విషం కలిపిన మిఠాయి తిని ఒక పిల్లో పిల్లాడో చనిపోయారనడానికి ఆయనకి ఒక్క రుజువూ దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఒక బాబు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజమే, కానీ అది పెట్టింది బయటివాళ్లు కాదు, ఇన్సూరెన్స్ డబ్బు కోసం కన్నతండ్రే. కాబట్టి ఇంటికొచ్చాక చాక్లెట్లు చూసుకోవడానికి ఒక పది నిమిషాలు చాలు.

ఇక రోడ్డు. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల ప్రమాదాల లెక్కలు తీసి 2019లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేశారు. మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం నడిచేవాళ్లు వాహనాల కింద పడి చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువ. 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో అయితే ఏకంగా పది రెట్లు. అన్నిటికన్నా చెడ్డ సమయం సాయంత్రం ఆరు గంటల ప్రాంతం. మీ పాప వయసు సరిగ్గా అందులోకే వస్తుంది.

ఆరు గంటలకే ఎందుకంటే, అమెరికాలో చలికాలానికి గడియారం ఒక గంట వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారం. అక్టోబర్ 31 ఎప్పుడూ దానికి ముందే వస్తుంది. ఎడిసన్‌లో ఆ రోజు సూర్యుడు 5:55 ప్రాంతంలో అస్తమిస్తాడు. ఆఫీసుల నుంచి కార్లు తిరిగొచ్చేదీ, వెలుతురు పోయేదీ, పిల్లలు గుంపులుగా రోడ్డెక్కేదీ ఒకే అరగంటలో. అందుకని ఈ వయసు పిల్లల్ని నాలుగున్నరకే బయల్దేరదీయండి, చీకటి పడేలోపు ఇంటికి చేర్చేయండి. చిన్నపిల్లలకి ముందే తలుపు తీయడం ఇక్కడ మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. ముప్పావు గంట, పదిహేను ఇళ్లు: ఆ వయసు కాళ్లకి అంతే ఓపిక. ఊరివాళ్లు వేళలు ఏమైనా పెట్టారేమో టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. మీలో ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఆ రోజు నాలుగింటికల్లా ఇంట్లో ఉండేట్టు చూసుకోండి. వేషాలేసుకున్న పిల్లల మధ్య నుంచి హడావుడిగా కారు తోలుకు రావాల్సిన పని మీకూ తప్పుతుంది.

తాతయ్య, నానమ్మ మాత్రమే తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను. వాళ్ల ప్రేమ మీద అనుమానంతో కాదు, వాళ్ల అలవాటు వల్ల. ఇండియాలో బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి, రోడ్డు దాటేముందు తల మొదట కుడివైపు తిరుగుతుంది. అరవై ఏళ్లుగా తిరిగిన తల అది. ఇక్కడ మొదటి బండి వచ్చేది ఎడమవైపు నుంచి. కుడివైపు చూసి, ఖాళీగా ఉందని అడుగు వేసేలోపే ఎడమ నుంచి వచ్చేస్తుంది. సైడ్‌వాక్ లేని వీధిలోనూ అంతే, ఇక్కడ ఎదురొచ్చే బండి కనపడాలంటే రోడ్డుకి ఎడమ పక్కన నడవాలి. వాళ్లకి మాటల్లో చెప్పి వదిలేయకండి. ముందురోజు అదే దారిలో పగటిపూట ఒకసారి నడిపించండి, ప్రతి మూల దగ్గరా "ఎడమ, కుడి, మళ్లీ ఎడమ" అని పాప చేత పైకి చెప్పించండి. ఐదేళ్ల పిల్ల చెప్తుంటే తాతయ్య తల తనంతట తనే తిరుగుతుంది. ఇంకో విషయం, రోమింగ్ లేని ఇండియా సిమ్ ఇంటి వైఫై దాటితే మీకు ఫోన్ కలపదు. బయటికెళ్లే పెద్దవాళ్ల దగ్గర ఇక్కడి నంబర్ ఉన్న ఫోన్ ఉండి తీరాలి.

మనుషుల్ని ఇలా సర్దండి: పాప చెయ్యి మీలో ఒకరు పట్టుకోండి, బాబుని స్ట్రోలర్‌లో బెల్టు పెట్టి మామగారు తోస్తారు, అత్తగారు ఇంటి దగ్గర వచ్చే పిల్లలకి చాక్లెట్లు పంచుతారు. ఒక పెద్ద మనిషికి ఒక పిల్ల, అంతకు మించొద్దు. రెండున్నరేళ్ల పిల్లాడు చెయ్యి విదిలించుకుని పరిగెత్తితే మోకాళ్ల నొప్పులున్న మనిషి అందుకోలేరు. స్ట్రోలర్ బదులు వ్యాగన్ (చేత్తో లాగే చిన్న బండి) అయితే బెల్టులున్నదే తీసుకోండి.

రోడ్డు మీద తప్పు జరిగేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, ఎదురింటి లైటు కనపడగానే పిల్లలు వీధికి అడ్డంగా దూకడం. వీధిలో ఒక పక్క ఇళ్లన్నీ ముగించి, చివర మూల దగ్గర దాటి, రెండో పక్క నుంచి వెనక్కి రండి. అటూ ఇటూ దాటుకుంటూ పోతే పదిహేను ఇళ్లకి పద్నాలుగుసార్లు రోడ్డు దాటాలి, ఇలా అయితే ఒక్కసారి. రెండోది ఆగి ఉన్న కార్ల మధ్య సందు. ఐదేళ్ల పిల్ల ఎత్తు మూడున్నర అడుగులు. పికప్ ట్రక్కు ముందుభాగం చాలావాటిలో అంతకంటే ఎత్తు. పిల్లకి బండి కనపడదు, నడిపేవాళ్లకి పిల్ల కనపడదు. డ్రైవ్‌వేలు కూడా ఇందులోకే వస్తాయి, ప్రతి డ్రైవ్‌వే ముందూ ఆగి వెనక తెల్ల లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలిగితే బండి వెనక్కి రాబోతోందన్నమాట.

మూడోది చాలామందికి తట్టనిది, సిగ్నల్ దగ్గర కుడివైపు తిరిగే కారు. ఇక్కడ బోర్డు పెట్టి వద్దంటే తప్ప ఎర్రలైటు ఉన్నా ఆగి, చూసి కుడికి తిరగొచ్చు. అలా తిరిగే మనిషి కళ్లు వచ్చే బళ్ల కోసం ఎడమవైపే ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఆయనకి కుడిపక్క నుంచి మీరు నడిచే గుర్తు చూసుకుని క్రాస్‌వాక్‌లో దిగుతారు. మీకు గుర్తు పడినా సరే, ఆ డ్రైవర్ మొహం మీవైపు తిరిగి మిమ్మల్ని చూశారని రూఢి అయ్యేదాకా పిల్లని కిందికి దించొద్దు.

వేషం గురించి. మనవాళ్ల ఇళ్లలో కృష్ణుడి వేషం, పట్టులంగా, రాణీ వేషం మామూలు. ఏదైనా సరే, అంచు మడమకి రెండంగుళాలు పైనే ఉండాలి. పంచె అయితే కట్టుడు పంచె వద్దు, ప్యాంటులా కుట్టింది వేయండి. మెట్లెక్కేటప్పుడు చేతిలో బుట్ట ఉంటుంది, కుచ్చిళ్లు ఎత్తుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. చున్నీ గానీ వీపుమీది కేప్ గానీ మెడకి ముడి వేయొద్దు. ఎక్కడైనా తట్టుకుంటే ఊడిపోయేలా భుజాల దగ్గర వెల్క్రో ముక్క కుట్టండి. కాళ్లకి రోజూ వేసుకునే బూట్లే. మాస్క్ వద్దు, పక్క చూపు పోతుంది, ఆవేళ కావలసింది ఆ పక్క చూపే. దాని బదులు మొహానికి రంగు వేయండి. రెండు రోజుల ముందే మోచేతి లోపలివైపు చుక్క పెట్టి, ఎర్రబడుతుందా దురద పెడుతుందా చూడండి. చలికి లోపల థర్మల్స్ వేయాలి కాబట్టి వేషం ఒక సైజు పెద్దది కొనండి, లేకపోతే చివర్లో పైన కోటు తొడిగి వేషమంతా దాచేయాల్సి వస్తుంది. ఇంకో కాలనీకి కారులో వెళ్తే మందంగా దూది కూరిన వేషాన్ని కార్‌సీట్ బెల్టు కింద ఉంచకండి, బెల్టు బిగిసినట్టే ఉంటుంది గానీ పిల్లకీ బెల్టుకీ మధ్య వదులు మిగిలిపోతుంది.

చీకట్లో తెల్లబట్ట కూడా చాలదు. రిఫ్లెక్టివ్ టేపు ఒక అంగుళం వెడల్పుది హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. వీపు మీద ఒక అడ్డపట్టీ, రెండు మోచేతుల దగ్గర, బూట్ల మడమల మీద, బుట్ట నాలుగు వైపులా, స్ట్రోలర్ వెనక అంటించండి. బూట్ల మీది ముక్కే ఎక్కువ పనిచేస్తుంది, నడుస్తుంటే కదులుతుంది, కదిలేదాని మీదే కన్ను ముందు పడుతుంది. టేపు సరిగ్గా అంటిందా లేదా ఇంట్లోనే తెలుసుకోవచ్చు: గదిలో లైటు ఆర్పి, పిల్లని పది అడుగుల అవతల నిలబెట్టి ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. ముందు, వెనక, రెండు పక్కలు, నాలుగు ఫొటోలు. ఏ ఫొటోలో తెల్లగా మెరిసే గీత లేదో ఆ పక్క నుంచి వచ్చే కారుకి మీ పాప లేనట్టే. అక్కడ ఇంకో ముక్క అంటించండి.

బయల్దేరే ముందు గుమ్మంలో ఇంకో ఫొటో తీసుకోండి, తల నుంచి కాళ్ల దాకా. తప్పిపోతే "స్పైడర్‌మ్యాన్ వేషం" అని చెప్తే ఆ వీధిలో పదిమంది ఉంటారు. మీ ఫోన్ నంబర్ రాసిన పట్టీ మణికట్టుకి కట్టండి, పేరు మాత్రం పైకి కనపడేలా రాయొద్దు. మన పిల్లలతో ఒక చిక్కుంది: అమ్మ పేరేంటి అంటే "అమ్మ" అంటారు. మీ ఇద్దరి అసలు పేర్లూ పాపకి నోటికి వచ్చేలా నేర్పండి. మీరు కనపడకుండా పోతే ఉన్నచోటే నిలబడి ఆ పేరుతో గట్టిగా పిలవాలి, పిల్లలతో ఉన్న ఇంకో అమ్మని సాయం అడగాలి అని చెప్పండి.

పోర్చ్ లైటు వెలుగుతున్న ఇంటికే వెళ్లాలి, ఆరిపోయి ఉంటే ఆ ఇల్లు వదిలేయాలి. ఎంత ప్రేమగా పిలిచినా గుమ్మం దాటి లోపలికి వెళ్లకూడదు. కుక్క తలుపు దగ్గరికొస్తే పరిగెత్తకుండా మీ వెనక్కి రావాలి. వేషాలు, అరుపులు చూసి నెమ్మదైన కుక్క కూడా బెదురుతుంది. గుమ్మడికాయల్లో కొవ్వొత్తి వెలిగిస్తే అది మెట్ల మీదే ఉంటుంది, పిల్లల బట్టల అంచు ఎత్తులో. చెమ్కీ నెట్, నైలాన్ చున్నీ అంటుకుంటే ఒంటికి కరిగి అతుక్కుపోతాయి. పరిగెత్తకుండా ఆగి, నేల మీద పడి దొర్లాలని పాపకి ఆటలాగా ఇంట్లో రెండుసార్లు చేయించండి.

ఇక్కడ మన ఇళ్ల మాట కూడా చెప్పాలి. దీపావళి కూడా ఈ రోజుల్లోనే అటూ ఇటూగా వస్తుంది, 2024లో అయితే రెండూ ఒకే రోజు పడ్డాయి. గడప ముందు ముగ్గు వేసి నూనె దీపాలు పెట్టిన ఇంటికే వందమంది పిల్లలు నేలకి జీరాడే బట్టలతో వస్తారు. ఆ సాయంత్రానికి నూనె దీపాలు దేవుడి గదిలో, పెరట్లో పెట్టుకుని, గుమ్మంలో బ్యాటరీ దీపాలు పెట్టండి. అయితే ఆ చిన్న బ్యాటరీ దీపాల్లో ఉండేది గుండీ బ్యాటరీ. మూత స్క్రూతో బిగించినవే కొనండి, బాబుకి అందకుండా పెట్టండి. మెరిసే మంత్రదండాలు, మెరిసే ఉంగరాల్లోనూ అవే. మింగింది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. పిల్లాడు మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి, అన్నం పెట్టకండి, నేరుగా ఎమర్జెన్సీకి బయల్దేరండి. ఏడాది దాటిన పిల్లలకి, మింగి పన్నెండు గంటలు కాకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లు మించకుండా. తేనె కాలడాన్ని కాస్త ఆపుతుందంతే. దాన్ని వెతుకుతూ ఇంట్లో ఆలస్యం చేయకండి. గ్లోస్టిక్ (చీకట్లో మెరిసే ప్లాస్టిక్ పుల్ల) కొరికి లోపలి ద్రవం నోట్లో పడితే అంత ప్రమాదం లేదు, నోరు తుడిచి నీళ్లు తాగించండి. కంట్లో పడితే మాత్రం పదిహేను నిమిషాలు నీళ్లతో కడగాలి. ఏది మింగినా, ఏ సందేహం వచ్చినా పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతారు.

పాపకి వేరుశనగ పడదు కాబట్టి నియమం ఒక్కటే: ఏమిచ్చినా థాంక్యూ చెప్పి బుట్టలో వేసుకోవడం, ఇంటికొచ్చేదాకా నోట్లో ఏదీ పెట్టకపోవడం. నాలుగింటికే కడుపునిండా పెరుగన్నం పెట్టి బయల్దేరితే ఈ నియమం నిలుస్తుంది, ఆకలితో ఉన్న పిల్ల చేతిలో చాక్లెట్ పెట్టి తినొద్దంటే నిలవదు. కొన్ని ఇళ్ల ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ కనపడుతుంది. ఆ ఇంట్లో తిండి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఉన్నాయని గుర్తు. 2012లో టెనెసీలో మొదలై, 2014 నుంచి దేశమంతా పాకింది. మీరూ ఒకటి పెట్టండి.

ఎపినెఫ్రిన్ పెన్నులు (అలర్జీ ముదిరితే వెంటనే గుచ్చే ఇంజెక్షన్లు) రెండూ పాప వెంట ఉన్న మనిషి ఒంటిమీది బ్యాగులో ఉండాలి, కారులో కాదు. డాక్టర్ పాప బరువు చూసి రాసినవేనా, గడువు తీరిపోయాయా ముందే చూసుకోండి. తొడ బయటివైపు, పల్చటి బట్ట మీద నుంచే గుచ్చొచ్చు, కానీ దూది కూరిన కండల వేషం వేస్తే సూది దాన్ని దాటి ఒంటిదాకా వెళ్లకపోవచ్చు. అలాంటి వేషం పాపకి వద్దు, వేసినా వెంటనే పైకి లాగే వీలుండాలి. పెదాలు వాయడం, ఒళ్లంతా దద్దుర్లతో పాటు వాంతి, గొంతు మారడం, ఊపిరాడకపోవడం కనపడితే ముందు పెన్ను, ఆ వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911. అలర్జీ సిరప్ పోసి చూద్దాం అని ఆగొద్దు, ఆ మందు గొంతు మూసుకుపోవడాన్ని ఆపదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో పెన్ను.

ఇంటికొచ్చాక బుట్టలు పెద్దవాళ్లే బల్ల మీద బోర్లించాలి. చిరిగినవి, మళ్లీ అంటించినట్టున్నవి, తెలియనివాళ్లు ఇంట్లో చేసినవి పారేయండి. పేరున్న మిఠాయిని పోలినట్టే ఉండి, ఎక్కడో చిన్నగా గంజాయి ఆకు గుర్తో, టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) అనో ఉన్న ప్యాకెట్లు కూడా వస్తాయేమో చూడండి. బయట పంచేది చాలా అరుదు, పెద్దవాళ్లు ఇంట్లో దాచుకున్నవి పిల్లలకి దొరకడమే ఎక్కువ. పిల్లలు అకారణంగా మత్తుగా తూలుతుంటే ఈ సంగతి గుర్తుకు రావాలి.

తర్వాత పాప వాటా. స్నికర్స్, రీసెస్, బటర్‌ఫింగర్, పేడే, బేబీ రూత్: వీటిలో వేరుశనగ ఉంటుంది, నేరుగా పక్కన పెట్టండి. చిన్న ప్యాకెట్ల మీద చాలాసార్లు దినుసుల జాబితా ఉండదు, అది పెద్ద సంచీ మీదే ఉంటుంది. అదే చాక్లెట్ పెద్దసైజులో పడింది కదా అని చిన్నసైజు ఇవ్వకండి, వేరే యంత్రాల మీద చేసి ఉండొచ్చు. "వేరుశనగ ఉండవచ్చు" అన్న హెచ్చరిక కంపెనీలు ఇష్టమైతే వేసేది, చట్టం అడిగేది కాదు. అది లేనంత మాత్రాన లేదని కాదు. చదవడానికి జాబితా లేనిది ఏదీ పాపకి ఇవ్వొద్దు. మీరు ముందే కొని చదివి పెట్టుకున్న చాక్లెట్లతో ఒకటికొకటి మార్చేయండి, సంఖ్య తగ్గకపోతే ఆ వయసు పిల్లలు గొడవ చేయరు. శాకాహారులైతే గమ్మీలు, మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

బాబుకి అసలు ప్రమాదం గొంతుకి అడ్డం పడటం. నాలుగేళ్లు నిండేదాకా గట్టి గుండ్రటి మిఠాయిలు, లాలీపాప్‌లు, పల్లీలు, బాదం, జీడిపప్పు, పాప్‌కార్న్, సాగే కేరమెల్, మార్ష్‌మాలోలు, గమ్మీలు, చూయింగ్ గమ్ ఇవ్వొద్దు. నోట్లో కరిగే మెత్తటి చాక్లెట్ చిన్న ముక్క, అదీ కూర్చోబెట్టి ఇవ్వండి. నడుస్తూ, స్ట్రోలర్‌లో ఊగుతూ కాదు. పాప ప్రేమగా తమ్ముడి నోట్లో పెట్టడం ఇళ్లలో జరిగేదే. "తమ్ముడికి ఇవ్వాలంటే ముందు అమ్మకి చూపించు" అని ఆమెకే బాధ్యత అప్పగించండి.

అడ్డం పడి, గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గు రాక, గొంతు పెగలక, రంగు మారితే ఒకరు 911కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు బాబు వెనక మోకాళ్ల మీద కూర్చుని, వాణ్ని ముందుకి వంచి, భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి. రాకపోతే బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. బయటికొచ్చేదాకా ఇలా ఐదూ ఐదూ చేస్తూనే ఉండాలి. కనపడకుండా వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ నొక్కడం, నోట్లోకి ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. ఇది చదివి నేర్చుకునేది కాదు, అత్తగారితో సహా అందరూ ఒక బొమ్మ మీద చేసి చూడండి.

మిగిలినవి డబ్బాలో పోసి, కుర్చీ ఎక్కినా అందని ఎత్తులో పెట్టండి. మర్నాడు పొద్దున పిల్లలు లేవకముందే స్ట్రోలర్ మడతలు, వేషం జేబులు, కార్‌సీట్ సందులు దులపండి. బుట్టలోంచి జారిపడ్డ గట్టి మిఠాయిలు, ఊడిపోయిన దీపం బ్యాటరీలు అక్కడే ఉంటాయి, వెతికితే రెండున్నరేళ్ల వాడికే ముందు దొరుకుతాయి.